ర్యాంకు లేని కౌన్సెలింగ్: కెనడాలో లా సీటు ఎంచుకోవడం

మార్చి నెలాఖరు. ఒంటారియో ప్రావిన్సులో టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో మా అన్నయ్య వాళ్ళింట్లో వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన ఉప్మా. అన్నయ్య కూతురికి మూడు లా స్కూళ్ళ నుంచి ఆఫర్లు వచ్చాయి. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ టొరంటో, ఇంకోటి యార్క్ యూనివర్సిటీలోని ఆస్గుడ్ హాల్, మూడోది పసిఫిక్ ఒడ్డున బ్రిటిష్ కొలంబియాలో ఉన్న విక్టోరియా. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ వెయిట్‌లిస్టులో పెట్టింది. అన్నయ్య అడిగిన మొదటి ప్రశ్న: "వీటిలో ర్యాంకు దేనికెక్కువ?"

అమ్మాయి నా వైపు తిరిగి, "బాబాయ్, నువ్వే చెప్పు నాన్నకి" అంది.

అన్నయ్య అలా అడగడంలో వింతేం లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టి పెరిగిన తరం మాది. కాలేజీలన్నీ ఒకే నిచ్చెన మీద వరసగా నిలబడి ఉంటాయి, మన ర్యాంకు ఏ మెట్టు దాకా వస్తే అక్కడ ఎక్కేయడమే. ఆలోచించాల్సింది ఏమైనా ఉంటే అది బ్రాంచి గురించే. కెనడా లా స్కూళ్ళని ఆ నిచ్చెన మీద నిలబెట్టబోతే మాత్రం లెక్క కుదరదు. ఎందుకు కుదరదో అన్నయ్యకి చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాల్లో మేం మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు డిగ్రీ పేరు సంగతి. కెనడాలో ఇప్పుడు ఇచ్చే లా డిగ్రీని జేడీ, అంటే జ్యూరిస్ డాక్టర్ అంటారు. పూర్తి పేరులో 'డాక్టర్' అన్న మాట ఉండేసరికి గుంటూరులో మా అమ్మ, మనవరాలు డాక్టరవుతోందని వీధి మొత్తానికీ చెప్పేసింది. నిజానికి అది పాత ఎల్‌ఎల్‌బీయే. 2001లో టొరంటో యూనివర్సిటీ పేరు మార్చింది, తరవాత పదేళ్ళలో ఇంగ్లిష్ ప్రావిన్సుల్లోని మిగతావీ దాదాపు అన్నీ ఆ దారే పట్టాయి. మూడేళ్ళ చదువు. మామూలుగా ముందు ఒక డిగ్రీ చదివి, ఎల్‌శాట్ అనే పరీక్ష రాసి, ఆ స్కోరుతో, డిగ్రీలో వచ్చిన జీపీఏతో, ఒక వ్యాసంతో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎల్‌శాట్ స్కోరు 120 నుంచి 180 దాకా ఉంటుంది.

ఇక ర్యాంకుల మాట. దేశం మొత్తం మీద లా స్కూళ్ళు పాతిక లోపే. ఇంగ్లిష్ ప్రావిన్సుల్లో ఉన్నవాటి పాఠ్యక్రమం, వాటి డిగ్రీ చెల్లుతుందా లేదా అన్నది లా సొసైటీల సమాఖ్య ఒకే కొలతతో చూస్తుంది. లా సొసైటీ అంటే మన బార్ కౌన్సిల్ లాంటిది, ప్రావిన్సుకి ఒకటి. ఆ కొలత దాటిన డిగ్రీ ఏదైనా చట్టం కళ్ళకి ఒకటే. ఎక్కడో ఉత్తరాన ఉన్న థండర్ బే అనే చిన్న ఊళ్ళో చదివినా టొరంటో నడిబొడ్డున చదివినా రాసేది అవే లైసెన్సు పరీక్షలు, ఒంటి మీద పడేది అదే నల్లకోటు. లైసెన్సు వచ్చాక ఒక ప్రావిన్సు నుంచి ఇంకో ప్రావిన్సుకి మారడం కూడా పెద్ద కష్టం కాదు. అలాగని ఎవరు పడితే వాళ్ళు స్కూలు తెరవలేరు. లా సొసైటీలు కాదంటే ఇక అంతే. ట్రినిటీ వెస్టర్న్ అనే క్రైస్తవ యూనివర్సిటీ లా స్కూలు పెడతానంటే బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో సొసైటీలు ఒప్పుకోలేదు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ సొసైటీల పక్షానే తీర్పిచ్చింది. గేటు దగ్గరే ఇంత గట్టిగా వడపోత ఉంది కాబట్టి, లోపలికి వచ్చాక ఫలానాది పనికిమాలిన స్కూలు అనే మాటకి చోటు లేదు. మన దగ్గర ఊరికో ప్రైవేటు లా కాలేజీ, హాజరు అక్కర్లేకుండా పరీక్షకి పంపేసే కాలేజీలు చూసిన కళ్ళకి ఇది నమ్మశక్యంగా అనిపించదు.

"అయితే పేరుకి విలువే లేదంటావా?" అన్నాడు అన్నయ్య.

ఉంది, కానీ కొన్ని తలుపుల దగ్గరే. టొరంటోలో బే స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. పెద్ద పెద్ద కార్పొరేట్ లా ఫర్ములు ఆ చుట్టుపక్కల అద్దాల మేడల్లోనే ఉంటాయి. అవి విద్యార్థుల్ని తీసుకునే పద్ధతి మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లని గుర్తు చేస్తుంది. రెండో ఏడాది మొదట్లో దరఖాస్తులు, తరవాత చిన్న చిన్న ఇంటర్వ్యూలు, నవంబరులో ఫర్ముల ఆఫీసుల్లోనే రెండు మూడు రోజులు వరసగా ఇంటర్వ్యూలు, విందులు. అవి ముగిసిన సాయంత్రం ఫోను మోగుతుంది, లేదా మోగదు. ఆ వేసవి ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమంది చదువయ్యాక అదే ఫర్ములో చేరతారు. టొరంటో యూనివర్సిటీ లా విద్యార్థులు నడిపే 'అల్ట్రా వైరీస్' పత్రిక ఏటా ఏ స్కూలు నుంచి ఎంతమంది కుదిరారో లెక్కలు వేస్తుంది. అక్కడ టొరంటో, ఆస్గుడ్ వాళ్ళు గట్టిగా కనిపిస్తారు. న్యూయార్క్ ఫర్ములు కెనడాకి వచ్చి మనుషుల్ని తీసుకునేటప్పుడు కూడా వాళ్ళ చూపు ముందు టొరంటో, మెక్‌గిల్ లాంటి రెండు మూడు స్కూళ్ళ మీదే పడుతుంది. పేరుకి విలువ అంటే అసలు సంగతి ఇంతే. ఎవరికి ఈ రెండు తలుపులే కావాలో వాళ్ళకి అది పెద్ద విషయం. కుటుంబ కోర్టులో విడాకుల కేసులు వాదించాలనుకునే అమ్మాయికో, క్రౌన్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫున నేరాల కేసులు వాదించే లాయరు కావాలనుకునే అబ్బాయికో ఇందులో ఒరిగేదేం లేదు.

ఇందులో చాలామంది తల్లిదండ్రులకి తెలియని మెలిక ఒకటుంది. ఆ నవంబరు ఇంటర్వ్యూలకి పిలిచేటప్పుడు ఫర్ముల చేతిలో ఉండే లా స్కూలు మార్కులు మొదటి ఏడాదివి మాత్రమే. ఆ మార్కులు 'కర్వ్' మీద పడతాయి. అంటే క్లాసులో ఇంతమందికే ఏ, మిగతా గుంపుకి బీ అని ముందే గీత గీసి ఉంటుంది. చాలా కోర్సుల్లో ఏడాది చివర రాసే ఒక్క పరీక్ష మీదే దాదాపు మార్కులన్నీ ఆధారపడతాయి. అదే క్లాసులో కూర్చున్నవాళ్ళందరూ డిగ్రీలో టాపర్లే. జీవితమంతా ఫస్టు ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలకి మొదటిసారి బీ వచ్చేది ఇక్కడే. టొరంటో యూనివర్సిటీ ఈ ఏ, బీల గొడవ తీసేసి హై ఆనర్స్, ఆనర్స్, పాస్ అని పెట్టింది. అక్కడ పాస్ వచ్చిన పిల్లవాణ్ణి కూడా ఫర్ములు ఇంటర్వ్యూకి పిలుస్తాయి. చిన్న ఊరి స్కూల్లో ఉంటే, బే స్ట్రీట్ దాకా రావాలంటే క్లాసులో ముందు వరసలో ఉండాల్సి వస్తుంది. పేరున్న స్కూలు ఇచ్చేది ఉద్యోగం కాదు, కాస్త జారినా పట్టుకునే వల. ఆ వలకి ఎంత ధర కట్టాలన్నదే తేల్చుకోవాలి.

ఆ ధర దగ్గరికి వద్దాం. రెండో ఆదివారమంతా దీనికే సరిపోయింది.

1998లో ఒంటారియో ప్రభుత్వం వృత్తి విద్య ఫీజుల మీద పట్టు వదిలేశాక అక్కడి లా ఫీజులు ఎగబాకాయి. 2019లో 10 శాతం తగ్గించి, తరవాత ఏళ్ళ తరబడి పెంచనివ్వలేదు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఇంకెంత ఉండేదో. ఇప్పుడు టొరంటో యూనివర్సిటీలో స్థానిక విద్యార్థికి ఏడాదికి దాదాపు 33,000 డాలర్లు. ఆస్గుడ్, క్వీన్స్, వెస్టర్న్ 20,000 పైన. బ్రిటిష్ కొలంబియా వైపు వెళితే యూబీసీ (వాంకూవర్లోని యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా), విక్టోరియా 12,000 నుంచి 14,000 మధ్య తిరుగుతాయి. అన్నయ్య ఈ అంకెలు చూసి, "విక్టోరియా అయితే మూడో వంతే కదా, దాని సంగతేమిటి?" అని వెంటనే మాట మార్చాడు. పది నిమిషాల క్రితం టొరంటో తప్ప ఇంకేదీ వద్దన్న మనిషే.

అందుకని ఎక్సెల్ తెరిచాం. టొరంటో మూడేళ్ళ ఫీజు 99,000. మిస్సిసాగాలో ఇంట్లోనే ఉండి 'గో' అనే లోకల్ రైల్లో వెళ్ళొస్తే అద్దె లేదు, తిండి ఇంట్లోనే. విక్టోరియా ఏడాదికి 12,000 వేసుకున్నా మూడేళ్ళకి 36,000. అక్కడ ఒక గది నెలకి 1,200 అనుకుంటే ముప్పై ఆరు నెలలకి 43,200. తిండీ తిప్పలకి నెలకి 400 వేస్తే ఇంకో 14,400. మొత్తం 93,600. సంక్రాంతికో వేసవికో ఇంటికి రావడానికి విమానం టికెట్లు కలిపితే రెండూ ఇంచుమించు ఒకటే అయ్యాయి. చవక స్కూలనుకున్నదాన్ని అద్దె మింగేసింది. అదే వాంకూవర్లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ఇదే లెక్క తిరగేసి వేసుకుంటే, ఇంట్లోంచే వెళ్ళొచ్చే యూబీసీ కన్నా టొరంటో ఆమెకి దాదాపు నాలుగింతలు ఖరీదవుతుంది. అందుకే ఫీజుల పట్టిక ఒక్కటీ చూసి ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వలేరు. ఎవరి ఇల్లు ఎక్కడుందన్నది ఫీజు కన్నా ముందు రాసుకోవాల్సిన అంకె. ఆస్గుడ్‌ని కూడా అదే పట్టికలో వేస్తే ఫీజు టొరంటో కంటే తక్కువ, అద్దె లేదు. మూడింట్లో తేలిక అదే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో లెక్క. ప్రభుత్వం ఇచ్చే విద్యారుణం, గ్రాంటు కొంత. అది చాలనప్పుడు బ్యాంకులు లా విద్యార్థులకి ప్రత్యేకంగా 'లైన్ ఆఫ్ క్రెడిట్' ఇస్తాయి. అది లక్ష డాలర్లు దాటి కూడా ఉంటుంది. మన ఎడ్యుకేషన్ లోను లాగా ఒకేసారి చేతికిచ్చేది కాదు. కుండలో పోసి పెడతారు, కావలసినప్పుడు కావలసినంత తోడుకోవాలి, తోడుకున్నదానికే వడ్డీ. చదువుకునేటప్పుడు వడ్డీ మాత్రమే కట్టొచ్చు. వడ్డీ 5 శాతం, వాడింది లక్ష అనుకుంటే ఏడాదికి 5,000, నెలకి 400 పైచిలుకు. ఆ వడ్డీ కూడా అదే ఖాతాలోంచి తీసి కట్టే పిల్లలున్నారు, అంటే అప్పు చేసి అప్పు తీర్చడమే. వడ్డీ రేటు మారుతుంటుంది కాబట్టి ఈ 5 శాతం రాతిమీద రాత కాదు.

స్కాలర్‌షిప్పు విషయంలో ఒక జాగ్రత్త. ఆఫర్ లెటర్లో కనిపించే డబ్బు మొదటి ఏడాదికేనా, మూడేళ్ళకా, మార్కులు ఇంత వస్తేనే కొనసాగుతుందా అని అడగాలి. కర్వ్ ఉన్నచోట 'క్లాసులో పైసగంలో ఉంటేనే' అన్న షరతు వినడానికి తేలిక, నిలబెట్టుకోవడం కష్టం. ఇక బర్సరీ అన్నది అవసరాన్ని బట్టి ఇచ్చేది. కొన్ని స్కూళ్ళు పిల్లలకి ఇరవై అయిదేళ్ళు వచ్చినా అమ్మానాన్నల ఆదాయం అడుగుతాయి. నాన్న ఐటీలో ఉంటే కాగితం మీద ఆ ఇల్లు సంపన్న కుటుంబమే, ఇంటి మార్ట్‌గేజ్ అప్పు ఎంతో ఎవరూ చూడరు. ఫీజు ఎక్కువున్న స్కూలు సహాయం కూడా ఎక్కువే ఇస్తానంటుంది. ఆ సహాయం మనకి వస్తుందా అన్నది ఆర్థిక సహాయం ఆఫీసుకి ఒక మెయిలు పెట్టి, అంకె చేతికొచ్చాకే నమ్మాలి.

ఇంకా నేను పేరు కన్నా, కొన్నిసార్లు ఫీజు కన్నా ముఖ్యమనుకునే విషయం ఒకటుంది. దాన్ని ఆర్టిక్లింగ్ అంటారు. మన దగ్గర లా పాసయ్యాక బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయి, ఒక సీనియర్ ఆఫీసులో చేరి, ఆయన బ్రీఫ్‌కేసు మోస్తూ, వాయిదాలకి తిరుగుతూ పని నేర్చుకుంటారు. అక్కడ సీనియర్ దొరక్కపోయినా సన్నద్, అంటే ప్రాక్టీసు అనుమతి పత్రం చేతిలో ఉంటుంది. కెనడాలో వరస తిరగబడుతుంది. సీనియర్ దగ్గర పనిచేయడం లైసెన్సుకి ముందే జరగాలి. ఒంటారియోలో ఎనిమిది నుంచి పది నెలలు, కొన్ని ప్రావిన్సుల్లో ఏడాది దాకా. ఆ చోటు దొరక్కపోతే జేడీ పట్టా ఉన్నా కోర్టులో నిలబడలేరు. ఒంటారియోలో ఈ ఇరుకు చూసి 2014లో ఇంకో దారి తెరిచారు. నాలుగు నెలల శిక్షణ, నాలుగు నెలల ఉద్యోగం కలిపిన కార్యక్రమం అది.

రెండు కొత్త స్కూళ్ళు ఇక్కడే వేరుగా నిలబడతాయి. థండర్ బేలోని లేక్‌హెడ్ యూనివర్సిటీ 2013లో లా స్కూలు తెరిచింది. ఆ ఊళ్ళో పుట్టి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన బోరా లాస్కిన్ పేరు దానికి పెట్టారు. టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలోని లింకన్ అలెగ్జాండర్ స్కూలు 2020లో మొదలైంది. ఈ రెంటిలో ఆర్టిక్లింగ్‌లో నేర్చుకోవాల్సిన పనిని మూడేళ్ళ చదువులోనే కలిపేశారు. ఇక్కడ పాసైనవాళ్ళు ఒంటారియోలో విడిగా ఆర్టిక్లింగ్ చేయక్కర్లేదు. పరీక్షలు రాసి నేరుగా లైసెన్సు తెచ్చుకోవచ్చు. 'కొత్త స్కూలు, పేరు లేదు' అని మనవాళ్ళు వెంటనే కొట్టిపారేసేవి ఇవే. తెలిసినవాళ్ళు ఎవరూ లేని కుటుంబం నుంచి వచ్చి, ఫోను చేసి చోటు ఇప్పించే మావయ్య లేని పిల్లకి ఆ ఒక్క వెసులుబాటు ఏ పేరున్న స్కూలూ ఇవ్వలేనిది. మన పిల్లల్లో ఎక్కువమంది పరిస్థితి అదే. డాక్టర్ మావయ్యలు, సాఫ్ట్‌వేర్ బాబాయిలు ఇంటికి నలుగురు. లాయరు మావయ్య ఒక్కడూ దొరకడు.

మిగతా స్కూళ్ళకీ ఎవరి గట్టి అంశాలు వాళ్ళకున్నాయి. హాలిఫాక్స్‌లోని డల్హౌసీ 1883 నుంచి నడుస్తోంది, సముద్ర చట్టానికి పేరు. విక్టోరియాలో కో-ఆప్ ఉంది, అంటే చదువు మధ్యలో జీతమిచ్చే పని టర్ములు. 2018 నుంచి ఆదివాసీ న్యాయ సంప్రదాయాలతో కలిపి ఇచ్చే జంట డిగ్రీ కూడా అక్కడే ఉంది. విండ్సర్‌లో నది దాటితే అమెరికాలోని డెట్రాయిట్, అందుకే అక్కడ అమెరికా డిగ్రీ కూడా కలిపి చదవొచ్చు, ఫీజు కూడా అలాగే ఉంటుంది. కాల్గరీ అంటే చమురు, గ్యాసు కంపెనీల పని. ఇవన్నీ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. నేను గమనించింది మాత్రం ఒకటే, ఫర్ములు తమ ఊళ్ళోని స్కూలు వైపే ముందు చూస్తాయి. కాల్గరీలో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకి కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో చదవడం దగ్గర దారి. విక్టోరియాలో చదివి టొరంటోలో చేరాలంటే, నవంబరులో విమానం ఎక్కి రావడం ఒకెత్తు, "మీకు టొరంటోతో సంబంధమేమిటి?" అని ఇంటర్వ్యూలో అడిగేవాళ్ళకి నమ్మేలా చెప్పడం ఇంకో ఎత్తు. మిస్సిసాగాలో అమ్మానాన్నలున్నారంటే ఆ జవాబు తేలికే. మూడేళ్ళలో పరిచయమయ్యే ప్రొఫెసర్లు, జడ్జీలు, సీనియర్ విద్యార్థులు మాత్రం అక్కడివాళ్ళే ఉంటారు. చదివిన ఊరే చాలామందికి ప్రాక్టీసు పెట్టే ఊరైపోతుంది.

మెక్‌గిల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మారేది స్కూలు కాదు, చట్టమే. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ ప్రావిన్సులో ఆస్తి, ఒప్పందాలు, కుటుంబం లాంటి వ్యవహారాలకి ఇంగ్లండు నుంచి వచ్చిన కామన్ లా వర్తించదు. ఫ్రెంచి సంప్రదాయంలో రాసుకున్న సివిల్ కోడ్ నడుస్తుంది. ఒంటారియోలోని ఆటవా నుంచి వంతెన దాటి క్యూబెక్‌లోని గాటినో వెళితే నేరాల చట్టం అదే ఉంటుంది గానీ, ఇంటి అగ్రిమెంటు వెనకున్న న్యాయం మారిపోతుంది. మనకి ఇది కొత్తేం కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉండేది. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేయాలనుకున్న గోదావరి జిల్లాల పెద్దలు బళ్ళు కట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. హద్దు దాటితే చట్టం మారుతుందన్న సంగతి మన తాతలకి అంత బాగా తెలుసు. మెక్‌గిల్ ఈ రెండు సంప్రదాయాలూ కలిపి నేర్పి రెండు డిగ్రీలిస్తుంది. ఎల్‌శాట్ తప్పనిసరి కాదు. ఫ్రెంచి చదివి అర్థం చేసుకోగలగాలి. క్యూబెక్ నివాసులకి ఫీజు చవక. బయటి ప్రావిన్సుల వాళ్ళకి 2023లో ప్రకటించిన పెంపు మీద గొడవ కోర్టు దాకా వెళ్ళింది, కాబట్టి చేరే ఏడాది ఫీజెంతో అప్పటికప్పుడు చూసుకోవాల్సిందే. మా అమ్మాయి ఫ్రెంచి స్కూల్లో చదివింది కాబట్టి వెయిట్‌లిస్టు మీద ఆశ పెట్టుకుంది.

ఆ ఆశతోనే మూడో ఆదివారం గడిచింది. ఒంటారియో స్కూళ్ళన్నిటికీ ఓల్సాస్ అనే ఒకే కేంద్రం ద్వారా దరఖాస్తు పెడతారు. ఆఫర్‌ని ఒప్పుకోవడంలో అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి తాత్కాలికం, ఒకటి ఖాయం. జోసాలో ఐఐటీ సీట్లు చూసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. తాత్కాలికం అంటే ఇంచుమించు 'ఫ్లోట్', ఖాయం అంటే 'ఫ్రీజ్'. తాత్కాలికంగా పట్టుకుంటే చేతిలో సీటు ఉంటుంది, ఒంటారియోలోని వేరే స్కూలు వెయిట్‌లిస్టు కదిలితే అటు మారొచ్చు. ఖాయం నొక్కితే మిగతా ఒంటారియో ఆఫర్లూ వెయిట్‌లిస్టులూ అన్నీ పోతాయి. టెన్షన్ తట్టుకోలేక రాత్రి పదకొండింటికి ఖాయం నొక్కేసి, పొద్దున్నే మనసు మార్చుకునే పిల్లలుంటారు. గడువు దగ్గర పడేదాకా ఖాయం నొక్కక్కర్లేదు.

ఓల్సాస్ గొడుగు ఒంటారియో వరకే. విక్టోరియా, మెక్‌గిల్, డల్హౌసీ లాంటివాటికి విడివిడిగా గడువులు, విడివిడిగా డిపాజిట్లు. ఆ డిపాజిట్ కొన్ని వందల డాలర్లుంటుంది, వెళ్ళకపోతే తిరిగిరాదు. రెండు చోట్ల డిపాజిట్ కట్టి వేచి చూసేవాళ్ళున్నారు. అయిదువందలు పోతే పోయాయి, వెయిట్‌లిస్టు తేలేదాకా ఆగే వీలుంటుందన్న లెక్క. స్కూలు నియమాలు దానికి ఒప్పుకుంటాయో లేదో ఆఫర్ లెటర్లో చదివాకే ఆ పని చేయాలి. పైగా ఆ రెండో సీటు కోసం ఇంకో ఇంట్లో ఎవరో నిద్రలేకుండా ఎదురుచూస్తుంటారు. అందుకే వద్దనుకున్న ఆఫర్‌ని ఆ రోజే వదిలేయమని మా అమ్మాయికి చెప్పాను. విక్టోరియాని ఆ సాయంత్రమే వదిలేసింది. సముద్రం బొమ్మలు చాలాసేపు చూసి మరీ వదిలింది.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఇండియాలో లా చదివినవాళ్ళు కూడా ఉండొచ్చు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో, నల్సార్‌లోనో పట్టా తీసుకుని, హైకోర్టులో నాలుగేళ్ళు ప్రాక్టీసు చేసి, పెళ్ళయి ఇక్కడికి వచ్చిన అమ్మాయిలు నాకు తెలిసినవాళ్ళే ముగ్గురున్నారు. వాళ్ళ లెక్క వేరు. మళ్ళీ మూడేళ్ళ జేడీ చదవక్కర్లేకుండా ఎన్‌సీఏ అనే దారి ఉంది. లా సొసైటీల సమాఖ్యలోని ఒక కమిటీ మన డిగ్రీని చూసి, ఇంకా ఏయే సబ్జెక్టులు రాయాలో చెబుతుంది. కెనడా రాజ్యాంగం, క్రిమినల్ లా, పరిపాలనా చట్టం, కెనడా న్యాయానికి పునాదులు, వృత్తి బాధ్యత అందరూ రాయాల్సినవి, మనిషిని బట్టి ఇంకొన్ని కలుపుతారు. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోంచే రాయొచ్చు, లేదా ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎంలో ఆ సబ్జెక్టులు పూర్తి చేయొచ్చు. జేడీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. చిక్కల్లా పరీక్షలయ్యాక వస్తుంది. ఎన్‌సీఏ అయిపోయినా ఆర్టిక్లింగ్ తప్పదు, అక్కడ క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉండదు, స్కూలు కెరీర్ ఆఫీసు ఉండదు. జేడీ ఫీజులో ఒక పెద్ద భాగం నిజానికి ఆ పరిచయాలకి కట్టేదే. ముప్పై దాటి, పిల్లలుండి, ఇప్పటికే వాదించిన అనుభవమున్న మనిషికి నేనైతే ఎన్‌సీఏ వైపే చెబుతాను. ఇరవై రెండేళ్ళవాళ్ళకి మాత్రం ఆ మాట అంత గట్టిగా చెప్పలేను.

హైదరాబాద్ నుంచి నేరుగా జేడీకి రావాలనుకునేవాళ్ళు విదేశీ విద్యార్థి ఫీజు చూసుకోవాలి. అది స్థానికుల ఫీజుకి రెట్టింపు దాకా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఉంటుంది. లాయరు కావడానికి పౌరసత్వం అడ్డమా అంటే కాదు. ఒకప్పుడు బ్రిటిష్ కొలంబియాలో అడ్డమే ఉండేది. ఆండ్రూస్ అనే బ్రిటన్ పౌరుడు, పర్మనెంట్ రెసిడెంటు, దాని మీద పోరాడితే 1989లో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. సమానత్వపు హక్కు గురించి కెనడాలో ఏ లా విద్యార్థి అయినా మొదట చదివే కేసు అదే. ఒక వలస మనిషి లాయరు కాబోతే ఆపినందుకు పుట్టిన కేసు.

అసలు ప్రశ్న అడగడానికి మేమందరం మూడో ఆదివారం దాకా ఆగామన్నది ఒప్పుకోవాలి. "ఇంతకీ నువ్వు ఏ లాయరువి అవుదామనుకుంటున్నావమ్మా?" అని అడిగింది మా వదిన, అంట్లు కడుగుతూ. అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు అద్దెకుండేవాళ్ళకి సాయం చేసే ఒక సంస్థలో వాలంటీరుగా చేసింది. నోటీసులు పట్టుకుని వచ్చేవాళ్ళలో సగం మంది మనలాంటి వలస వచ్చినవాళ్ళే, ఇల్లు ఖాళీ చేయమని ఇంగ్లిష్‌లో వచ్చిన కాగితం చదివి భయపడి వచ్చేవాళ్ళు. ఆ పనే చేస్తానంది. ఆస్గుడ్ విద్యార్థులు పనిచేసే పార్క్‌డేల్ లీగల్ క్లినిక్ 1971 నుంచి టొరంటోలో ఇలాంటి కేసులే చూస్తోంది. అక్కడ ఒక టర్ము మొత్తం కూర్చుని నిజం కేసులు పట్టుకోవచ్చు. బే స్ట్రీట్‌లో మొదటి ఏడాది లాయరుకి లక్ష డాలర్ల పైన జీతమొస్తుంది. అద్దెదారుల కేసులు చూసే క్లినిక్‌లో అంత ఊహించలేం. క్లినిక్ జీతం మీద 99,000 అప్పు మోయడం కన్నా తక్కువ అప్పు మోయడమే నయమని ఎక్సెల్ అప్పటికే చెప్పి ఉంది. మేమే ఆ గడి మీదికి కర్సరు తీసుకెళ్ళలేదు.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. "మీ నానమ్మకి ఏం చెప్పమంటావు?" అన్నాడు చివరికి. "డాక్టరు కాదని మాత్రం నువ్వే చెప్పు నాన్నా" అంది.

ఆస్గుడ్‌ని తాత్కాలికంగా పట్టుకుంది. మెక్‌గిల్ జూన్‌లో కాదంది. ఆ శనివారం తండ్రీ కూతుళ్ళిద్దరూ మిస్సిసాగాలోని స్క్వేర్ వన్ దగ్గర గో బస్సెక్కి, హైవే 407 స్టేషన్లో దిగి, రెండు స్టాపులు సబ్‌వేలో వెళ్ళి యార్క్ క్యాంపస్ చూసొచ్చారు. ఇంటి తలుపు నుంచి స్కూలు తలుపు దాకా గంటా పన్నెండు నిమిషాలని అన్నయ్య అదే ఎక్సెల్‌లో కొత్త వరస పెట్టి రాసుకున్నాడు. జనవరి మంచులో ఇంకో ఇరవై నిమిషాలు వేసుకోవాలని పక్కన నోట్ కూడా పెట్టాడు.